గాస్పారు మోంజు జీవితము

మన మండలమునందు మన్ను మోయుట యెఱుగనివారు లేరు. చెఱువుకు గట్టు వేయునప్పుడును, బావి త్రవ్వునప్పుడును, బాటకు కట్ట పోయునప్పుడును ఒకచోటి మన్ను వేఱొకచోటికి గంపలతో చేరవేయవలసియే యుండును. హంద్రి యొడ్డున నున్న మన కోడుమూరు ప్రాంతమున ఎండకాలమునందు గంప తలనెత్తుకొని నడచు స్త్రీపురుషులను దినదినమును చూచుచునే యున్నాము. నూఱు గజముల దూరమునకును రెండువందల గజముల దూరమునకును గల భేదము మోయువారి మెడ యెఱిగినట్లు మఱెవ్వరు నెఱుగరు. ఇంత సామాన్యమైన పనియందు గొప్ప గణితవిషయ మణగియున్నదని మొట్టమొదట కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశీయుడైన గాస్పారు మోంజు. ఆ మహనీయుని చరిత్రమును మన విద్యార్థుల యుపయోగార్థము సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాను.

మోంజు 1746వ సంవత్సరము మే నెలలో బుర్గుండీ సీమయందలి బోన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి జాకు మోంజు ఊరూర తిరిగి చిల్లర సరకు లమ్ముకొని, కత్తులకు సానపట్టి, కుటుంబమును పోషించుకొనినవాడు. ఆతడు తాను చదువుకొనకపోయినను తన కుమారులకు విద్య చెప్పింపవలెనని దృఢముగా సంకల్పించెను. గాస్పారు ఆ యూరనున్న ఒరటోరియను సంఘపు గురువుల పాఠశాలలో చేరి, ప్రతి విషయమునందును అగ్రగణ్యుడయ్యెను. పదునాలుగేండ్ల ప్రాయమున, నిప్పంటుకొనినప్పుడు నీళ్లు చిమ్ము యంత్రమొకటి ఎవరి సాయమును లేక నిర్మించెనని చెప్పుదురు. 1762లో ఆతనిని లియోన్ నగరపు కళాశాలకు పంపిరి. ఆ మఱుసటి యేటనే, పదునేడేండ్ల బాలుడై యుండియు, ఆతడు తోడివారికి ప్రకృతిశాస్త్రమును బోధింప నియోగింపబడెను.

సెలవులలో స్వగ్రామమునకు వచ్చినప్పుడు మోంజు బోన్ పట్టణమునకంతటికిని పెద్దపటము వ్రాసెను. దానికి కావలసిన కొలతపనిముట్లను గూడ తానే చేసికొనెను. ఆ పటమును చూచిన యొక సైనికోద్యోగి యాశ్చర్యపడి, మెజియేర్ పట్టణమునందలి రాజకీయ యింజనీరింగు పాఠశాలలో నాతనికి స్థానము చూపెను. అయితే అచ్చటి ప్రధానతరగతులు కులీనుల బిడ్డలకే గాని సానపట్టువాని కుమారునికి కావు. కావున మోంజు పటములు గీయుటకును, సున్నముతో నమూనాలు పోయుటకును మాత్రమే యేర్పడిన క్రిందితరగతియందు 1765లో చేరెను. తన బుద్ధిబలమునకు తగిన పని దొరకలేదని యాతని మనసు మిక్కిలి నొచ్చెను. కాని యాతడు పని మానలేదు.

ఒకయేడు గడచినపిదప ఒక కోటకు నమూనా సిద్ధపఱచు పని యాతనికి వచ్చెను. శత్రువెచ్చట నిలుచుండి కాల్చినను గుండ్లు లోపలివారిని తాకకుండునట్లు గోడల యెత్తును నిర్ణయింపవలెను. ఆ కాలపు పద్ధతి ననుసరించి దీనికి లెక్కలేని గుణకారములు చేయవలసియుండెను. మోంజు ఆ లెక్కలను విడిచి, కాగితముమీద రేఖలు మాత్రమే గీచి, యత్యల్పకాలమున ఫలితము తెచ్చెను. ఇంత త్వరలో లెక్క ముగియుట యసాధ్యమని తలచి పై యధికారి మొదట దానిని చూచుటకే నిరాకరించెను. పిమ్మట పరీక్షించి చూడగా అంతయు సరిగా నుండెను. ఘనరూపములను తలమునందు రేఖలచేత నిరూపించు ఈ విద్యయే వర్ణనాత్మక జ్యామితి యని ప్రసిద్ధి కెక్కినది. ఇప్పటి యింజనీర్లు గీచు ప్లానులకును, ఎలివేషనులకును ఇదియే మూలము. కాని నాటి ప్రభుత్వము దీనిని సైనికరహస్యముగా నుంచినందున మోంజు పెక్కేండ్లు దీనిని ప్రకటింపజాలకపోయెను.

ఈ కార్యముతో మోంజునకు గౌరవము కలిగెను. 1769లో ఆ పాఠశాలయందే గణితశాస్త్రోపాధ్యాయుడయ్యెను. కొలదికాలమునకే ప్రకృతిశాస్త్రమును గూడ బోధింపసాగెను. ఫ్రాన్సు సైన్యములను నడపిన లజారు కార్నో ఆతనికి శిష్యుడే. 1777లో మోంజు వివాహము చేసికొనెను. ఆతని భార్య కతెరీను ఇనుపకొలిమికి యజమానురాలగుటచే లోహములను కరగించు విద్యను మోంజు స్వయముగా చూచి నేర్చుకొనెను. ఈ నేర్పు ముందుముందు దేశమునకెంతో యుపకరించినది.

ఇక మన ప్రస్తుతవిషయము. త్రవ్విన మన్నును గట్టులకు చేర్చుటను గుఱించి మోంజు వ్రాసిన ప్రబంధము రాజకీయ శాస్త్రపరిషత్తువారి 1781వ సంవత్సరపు సంపుటమున చేరినది. అందలి ప్రశ్న యిది. కొన్నిచోట్ల మన్ను త్రవ్వవలెను. కొన్నిచోట్ల అంతే మన్ను పోయవలెను. ప్రతి గంప కూలియు బరువును దూరముతో హెచ్చవేసిన దానినిబట్టి యుండును. ఏ గంప యెచ్చటికి పోయిన మొత్తపు శ్రమ కనిష్ఠమగును? మోంజు ముఖ్యముగా ఒక సూత్రమును కనిపెట్టెను. ఉత్తమమైన యేర్పాటునందు ఏ రెండు గంపల దారులును ఒండొంటిని ఖండింపవు. ఖండించినయెడల ఆ రెండు గంపల గమ్యస్థానములను తారుమారు చేసినచో నడక తగ్గును. త్రిభుజమునందు రెండు భుజముల మొత్తము మూడవదానికంటె నెక్కువయని యూక్లిడు చెప్పినదే యిందుకు ప్రమాణము.

మన జిల్లాలోని కర్నూలు-కడప కాలువను తలచుకొనిన నీ ప్రశ్న యెంత గొప్పదో తెలియును. సుంకేసులవద్ద తుంగభద్రకు ఆనకట్ట వేసి, 1863 మొదలు 1870 వఱకు ఒక ఆంగ్లేయకంపెనీ ఆ కాలువను త్రవ్వించెను. 1882లో ప్రభుత్వమువారు దానిని స్వాధీనపఱచుకొనిరి. కడప వఱకు దాదాపు 190 మైళ్లు సాగిన యా కాలువ గట్లన్నియు మనుష్యులు మోసిన మన్నే. మరామతు శాఖ యంచనాలలో నేటికిని మన్నుపనికి లీడు, లిఫ్టు అని రెండు లెక్కలు కట్టుదురు. మోసిన దూరము లీడు. ఎత్తిన యెత్తు లిఫ్టు. మోంజు గణితము ఆ లీడును తగ్గించుటకే పుట్టినది. అనగా మోయువారి శ్రమను తగ్గించుటకే యనుట.

1780లో మోంజు శాస్త్రపరిషత్తున సభ్యుడయ్యెను. 1783లో బెజూ అను పండితుడు మరణింపగా నౌకాదళవిద్యార్థులను పరీక్షించు నుద్యోగ మాతనికి లభించెను. గొప్పవారి బిడ్డలైనను చదువురానివారిని ఆతడు తేర్చెడివాడు కాడట. నూతన పాఠ్యపుస్తకములను వ్రాయుమని మంత్రి కోరగా, బెజూ రచించిన పుస్తకముల యమ్మకమే వాని వితంతువునకు జీవనాధారమని యెంచి మోంజు ఒప్పుకొనలేదని చెప్పుదురు. ఆ కాలముననే యాతడు రెండు వాయువులను మండించి నీటిని పుట్టించి, నీరు మూలద్రవ్యము కాదని ఇతరులకంటె వేఱుగా తానును ఋజువు చేసెను.

1789లో ఫ్రాన్సున మహావిప్లవము చెలరేగెను. పుట్టుకచేత తన్ను క్రిందికూర్చుండబెట్టిన వ్యవస్థ కూలుట చూచి మోంజు సంతోషముతో విప్లవపక్షమున చేరెను. 1792 ఆగస్టు మొదలు 1793 ఏప్రిలు వఱకు నౌకాశాఖామంత్రిగా నుండెను. పాలనమునం దాతనికి నేర్పు చాలలేదు. కాని పిమ్మట దేశమును శత్రువులు నలువైపుల ముట్టడించినప్పుడు ఆతని విద్య కక్కఱకు వచ్చెను. తుపాకిమందునకు వలయు సురేకారమును, మనదేశమున పాటిమన్నునుండి తీసినట్లుగానే, నేలమాళిగల మన్నునుండియు పశువులశాలల మన్నునుండియు తీయించెను. ఫిరంగులు పోతపోయు విధానమును గుఱించి పుస్తకము వ్రాసి కార్ఖానాలకు పంపెను. పగలెల్ల కార్ఖానాలలో తిరిగి, రాత్రులయందు వ్రాసికొనుచు, తన సుఖము నొకింతయు తలచక పాటుపడెను.

1794లో స్థాపింపబడిన పాలిటెక్నిక్ విద్యాలయమునకు మోంజు ప్రాణమువంటివాడు. అచ్చట చేరుటకు కులము కాదు, పరీక్షయే ప్రమాణము. తాను కోల్పోయిన యవకాశము పేదబిడ్డలకు కలుగవలెనని యాతని కోరిక. ఇన్నాళ్లును రహస్యముగా నుండిన వర్ణనాత్మక జ్యామితిని 1795లో బహిరంగముగా బోధింపగా, ఆ యుపన్యాసములు 1799లో గ్రంథముగా వెలువడెను.

1796లో మోంజు ఇటలీకి పంపబడి, నెపోలియనునకు మిత్రుడయ్యెను. జయించినవారు ఇటలీనుండి తీసికొనిపోయిన చిత్రపటములను, విగ్రహములను ఏర్చువారిలో నాత డొకడు. ఈ కార్యము వాని కీర్తికి మచ్చయే యని చెప్పక తప్పదు. 1798లో నెపోలియనుతో నైగుప్తునకు పోయి, కైరోనగరమున స్థాపింపబడిన విద్వత్సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఎడారిలో నడచుచున్న సైనికులు దూరమున జలాశయములను చూచి పరుగెత్తి, దాహముతోనే నిరాశపడిరి. కాగిన యిసుక చెంత గాలి పలుచనగుటచే వెలుతురు వంగి ఆకాశమే నీరువలె కనబడునని మోంజు ఆ యెండమావులకు కారణము వివరించెను. మే నెలలో మన నల్లరేగడి బయళ్లమీద కనబడు నెండమావులకును కారణ మిదియే.

1799లో మోంజు నెపోలియనుతో ఫ్రాన్సునకు మరలివచ్చెను. పిమ్మట సెనేటు సభ్యత్వమును, 1808లో కౌంటు బిరుదమును పొందెను. నెపోలియను పతనమైనపిదప మఱల వచ్చిన రాజప్రభుత్వము 1816లో వాని పేరును విద్వత్సంఘమునుండి కొట్టివేసెను. ఎన్నో సంవత్సరముల సేవ యొక్క కలముపోటుతో తుడిచిపెట్టబడెను. ఆ దుఃఖముతోను, రోగముతోను కృశించి, 1818 జూలై 28వ తేదీన మోంజు పారిసునగరమున పరలోకగతుడయ్యెను. వాని శవయాత్రకు పోగూడదని పాలిటెక్నిక్ విద్యార్థులకు ప్రభుత్వము ఉత్తరువు చేసెను. శిష్యులు ఆజ్ఞను మీఱక, మఱునాడు సమాధికి పోయి పుష్పహార ముంచి నమస్కరించిరి. 1849లో బోన్ పట్టణమువారు వాని విగ్రహము నెత్తిరి. 1989లో వాని యస్థికలను మహాపురుషుల సమాధిమందిరమగు పాంతియోన్‌నకు చేర్చిరి.

మోంజు ప్రశ్న మాత్రము వానితో సమసిపోలేదు. 1887లో ఆపెల్ అను పండితుడు దానినిగుఱించి పెద్ద ప్రబంధము వ్రాసెను. రష్యాదేశీయుడైన కాంతొరోవిచ్ 1942లో దానికి క్రొత్తరూపము కల్పించెను. ఒక దిబ్బలోని మన్నంతయు ఒక గుంటకే పోవలెనను నియమము లేదు, పంచి పంపవచ్చునని యాతడు తలచుటతో కఠినమైన ప్రశ్న సులభమయ్యెను. తాను చేసినది మోంజు ప్రశ్నకు సంబంధించినదని 1948లో ఆతడే చూపెను. 1975లో వానికి అర్థశాస్త్రమున నోబెలు బహుమాన మొసగబడెను.

అయితే దిబ్బలును గుంటలును వేలకొలది యున్నచో లెక్క యెట్లు చేయవలెను? ఇందులకు మెల్లమెల్లగా సవరించుకొనుచు పోవు పద్ధతి యొకటి కలదు. 1964లో సింక్‌హార్న్ అను అమెరికా పండితుడు దాని యభిసరణమును, అనగా అది తుదకు ఒకచోట నిలుచుటను, నిరూపించెను. ఒక చిన్న యుదాహరణము చూతము. తూర్పుదిబ్బయందు 60 గంపలు, పడమటిదిబ్బయందు 40 గంపలు మన్ను గలదు. తూర్పుగుంటకు 50, పడమటిగుంటకు 50 గంపలు కావలెను. ఏ దిబ్బకైనను దగ్గఱి గుంటకు 4 పాళ్లు, దూరపు గుంటకు 1 పాలు చొప్పున మొదట పంచుదము. తూర్పుదిబ్బనుండి 48యును 12యును, పడమటిదిబ్బనుండి 8యును 32యును పోవును. దిబ్బల లెక్క సరిపోయినది. కాని తూర్పుగుంటకు 56, పడమటిగుంటకు 44 వచ్చి, 6 గంపల తప్పు మిగిలినది. ఇప్పుడు గుంటలు సరిపోవునట్లు ఆ యంకెలనే నిష్పత్తిగా తగ్గించి హెచ్చింపగా, దిబ్బల లెక్కలో మూడున్నర గంపల తప్పు వచ్చును. మఱల దిబ్బలను సవరింప తప్పు 2.1; మఱల గుంటలను సవరింప 1.2, మఱల దిబ్బలను సవరింప 0.7. ఇట్లు ఒకవైపు సవరించిన మఱియొకవైపు చెడుచున్నను, చెడుట ప్రతిసారియు తగ్గుచునే యుండును.

ఎంత త్వరగా తగ్గునని యడుగవచ్చును. బిర్కాఫ్ 1957లో నిరూపించిన సిద్ధాంతమును 1989లో ఫ్రాంక్లిను, లారెంజు అనువారు దీనికి అన్వయించిరి. మన యుదాహరణమునందు పెద్దపాలినుండి చిన్నపాలిని తీసివేసి, ఆ రెంటి మొత్తముచేత భాగింపవలెను. 4కును 1కిని అది మూడైదవ వంతులు. నిష్పత్తిరూపమున కొలిచిన తప్పు ప్రతి యడుగునను అంతకు మించి మిగులదు. కావున 5 అడుగులలో తప్పు పదియవవంతునకు లోబడును.

కాని యిందొక చిక్కు గలదు. ఈ సవరణలు తుదకు చేరు నేర్పాటునందు తూర్పుదిబ్బనుండి పడమటిగుంటకు దాదాపు 15.9 గంపలును, పడమటిదిబ్బనుండి తూర్పుగుంటకు 5.9 గంపలును పోవును. అనగా మోంజు కూడదన్న యడ్డుదారులు మిగిలియే యున్నవి! నిజమైన కనిష్ఠశ్రమకు తూర్పుదిబ్బనుండి 50 తూర్పునకును 10 పడమటికిని, పడమటిదిబ్బనుండి 40యును పడమటికే పోవలెను. 4 పాళ్లకు బదులు 100 పాళ్లు తీసికొనిన యెడల, ఎదురుగా పోవు మన్ను గంపలో ఏబదియవవంతునకు తగ్గి, కనిష్ఠశ్రమకు మిక్కిలి చేరువ యగును. కాని యప్పుడు అడుగడుగునకు హామీ 101లో 99వ వంతు మాత్రమే. తప్పు పదియవవంతగుటకు సుమారు 115 అడుగులు పట్టునని మాత్రమే ధైర్యముగా చెప్పగలము. నిజమున నింతకంటె త్వరగా చేరవచ్చును. త్వర కావలెనన్న ఖచ్చితత్వమును, ఖచ్చితత్వము కావలెనన్న ఓర్పును ఈ విద్య కోరుచున్నది. 2013లో కుటూరి అనునాతడు ఈ పద్ధతి కంప్యూటరులకు మిక్కిలి యనుకూలమని చూపినపిదప దీని వాడుక యెంతయు పెరిగినది.

దిబ్బ యన మన్నుదిబ్బయే కానక్కఱలేదు. ఏ సంగతి యెంత తఱచుగా జరుగునో తెలుపు సంభావ్యతా విభాజనము గూడ నొక దిబ్బవంటిదే. ఒక విభాజనమును మఱియొకదానిగా మార్చుటకు పట్టు కనిష్ఠశ్రమయే ఆ రెంటి నడిమి దూరము. నేటి శాస్త్రజ్ఞులు దానిని మన్నుమోయువాని దూరమనియే పిలుచుచున్నారు. విభాజనముల నడిమి దూరమును వేఱొక మార్గమున 1945లోనే కొలిచినవాడు మన తెలుగువాడగు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. 1920లో బళ్ళారి సీమయందలి హడగలిలో జన్మించి, వాల్తేరునందు ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో గణితము చదివి, జగత్ప్రసిద్ధుడై, 2023లో వారు దివంగతులైరి.

ఇది యంతయు పండితుల వినోదమని తలపరాదు. 1876 మొదలు 1878 వఱకు మన జిల్లాను పీడించిన ఘోరక్షామమును వృద్ధులవలన మనపెద్దలు విన్నారు. ఓడలలో వచ్చిన ధాన్యము మద్రాసు సముద్రతీరమున రాసులుగా పడియుండగా లోపలి గ్రామములలో జనులు గింజ లేక మరణించిరి. నాటికి కర్నూలునకు రైలుమార్గము లేదు. బండ్లు లాగవలసిన యెద్దులును మేతలేక చచ్చుచుండెను. ధాన్యమున్న చోటినుండి ఆకలియున్న చోటికి తక్కువకాలమున చేర్చుటయు మోంజు ప్రశ్నయే. గణిత మొక్కటియే వారిని బ్రదికించియుండునని చెప్పజాలము. దారులును, బండ్లును, దయయు గూడ వలయును. అయినను ఉన్న బండ్లను వ్యర్థముగా త్రిప్పక నడపు నేర్పు ప్రాణములతో సమానము.

విద్యార్థులారా! సానపట్టువాని కుమారుడు తన్ను కూర్చుండబెట్టిన క్రిందితరగతియందే గొప్ప విద్యను కనిపెట్టెను. ఎవరును లెక్కచేయని మన్నుగంపయందే శాస్త్రమును చూచెను. వాని విద్య లోకమునకు తెలియుటకు ముప్పదియేండ్లు పట్టినది. వాని ప్రశ్నకు చక్కని మార్గము దొరకుటకు నూటయేబదియేండ్లకు పైగా పట్టినది. మీ లెక్క మొదటిసారి తప్పినచో పలక విసరివేయకుడు. ఒకవైపు సవరించిన మఱియొకవైపు చెడినను, మిగిలిన తప్పు మునుపటికంటె తగ్గినదా యని చూచుకొనుడు. తగ్గినయెడల మీరు సరియైన దారినే నడచుచున్నారు. మఱియు రేపు మీలో నెవరైన ఓవర్సీయరో యింజనీరో యైనప్పుడు, కాగితముమీద మీరు గీచు నొక్కొక్క గజమును ఎండలో నొక తల మోయునని మఱవకుడు.